ఒకటో నంబరు పెట్టె

విజయనగరంలో కోటకు పడమటి వీధిలో త్రివిక్రమరావు అనే రికార్డుల అధికారి ఉండేవాడు. పద్ధతి లేని మనిషికి తెలివి కూడా ఉండదని అతని గట్టి నమ్మకం.

కచేరీలో అతని చేతి కింద వందేళ్ళ నాటి కాగితాలు ఉండేవి. ఏది అడిగినా రెండు నిమిషాల్లో తీసి ముందు పెట్టేవాడు. ఇంట్లోనూ అదే తీరు. చెంచాలకు ఒక సొరుగు, గరిటెలకు ఒక సొరుగు. భార్య హైమవతి తీరు వేరు. ఆమె కత్తెరను బియ్యం డబ్బాలోనూ, కళ్ళజోడును పూలబుట్టలోనూ పెట్టి, వాటి కోసం ఇల్లంతా వెతికేది. వెతుకుతూ పాట పాడుకునేది. ఆ పాటే అతనికి ఎక్కువ కష్టంగా ఉండేది.

“వస్తువు పోగొట్టుకున్నవాళ్ళు పాడతారా ఎక్కడైనా?” అనేవాడు.

“ఏడిస్తే తొందరగా దొరుకుతుందాండీ?” అనేది ఆమె.

అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మేయడంతో వాళ్ళు కంటోన్మెంటు వైపు మరో ఇల్లు చూసుకున్నారు. త్రివిక్రమరావు నెల ముందే ఒక రిజిస్టరు తెరిచాడు. సామాను మొత్తం నలభై మూడు పెట్టెల్లోకి వెళ్ళాలి. ప్రతి పెట్టెకూ నంబరు ఉండాలి. హైమవతి ఉత్సాహంగా ఒక పెట్టె సర్దింది. అతను దాన్ని విప్పి చూశాడు. అడుగున ఇస్త్రీ పెట్టె, దాని మీద ఊరగాయ జాడీ, జాడీ చుట్టూ పట్టుచీర, అన్నిటికీ పైన గోడగడియారం.

“ఇది పెట్టె కాదు, తవ్వకాల స్థలం. ఏ పొరలో ఏ శతాబ్దం బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు,” అన్నాడు. “ఇక నువ్వు ఏదీ ముట్టుకోకు.”

“మంచిదే. అత్తయ్య కాళ్ళకు నూనె రాస్తాను,” అని ఆమె లేచి వెళ్ళింది.

అత్తయ్య అంటే త్రివిక్రమరావు తల్లి మహలక్ష్మమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పదకొండేళ్ళ కిందట పాత ఇంట్లో దిగిన రోజున కొడుకు పాలు పొంగించనివ్వలేదు. దానికి ఆధారమేమిటని అడిగి, ఆ పాలతో అందరికీ కాఫీ పెట్టించాడు. ఆ ఏడే అతని తండ్రి పోయాడు. రెండింటికీ సంబంధం లేదని త్రివిక్రమరావుకు తెలుసు. సంబంధం ఉందని మహలక్ష్మమ్మ కూడా ఎన్నడూ అనలేదు. ఈసారి మాత్రం కొడుకును పిలిచి నెమ్మదిగా చెప్పింది.

“గురువారం పొద్దున్న పదింటి దాకా మంచి ఘడియ ఉందిట. ఆ లోపల పాలు పొంగితే నేను గడప దాటతాను. లేదూ, భీమిలిలో చెల్లెలి దగ్గరికి పోతాను. నీ మీద కోపం లేదు నాయనా. పెద్దదాన్నయ్యాను, భయం.”

ఆధారం అడగబోయి, తల్లి ముఖం చూసి అతను మానుకున్నాడు. “నువ్వు భీమిలి వెళ్ళక్కర్లేదమ్మా. మాట ఇస్తున్నాను,” అన్నాడు. వెంటనే రిజిస్టరులో మార్పు చేశాడు. పాలగిన్నె, చిన్న స్టవ్వు, అగ్గిపెట్టె, పసుపు, కుంకుమ ఒకటో నంబరు పెట్టెలోకి చేరాయి. అన్నిటికన్నా ముఖ్యమైనవి కాబట్టి వాటికి మొదటి అంకె దక్కింది.

గురువారం తెల్లవారగానే లారీ వచ్చింది. హైమవతి ఒకటో పెట్టె దగ్గర నిలబడింది.

“ఏమండీ, ఇది మనతో ఆటోలో పెట్టుకుందాం.”

“పెట్టెలన్నీ లారీలో అని రాశాను. ఒకటి పక్కకు తీస్తే వరుస చెడుతుంది.”

“వరుస చెడితే ఏమవుతుంది?”

“నీ కత్తెరకు ఏమవుతోందో అదే అవుతుంది,” అన్నాడు అతను. ఆమె నవ్వి పక్కకు తప్పుకుంది.

త్రివిక్రమరావు రిజిస్టరు పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని పిలుస్తుంటే కూలీల మేస్త్రీ సింహాచలం ఆ వరుసలోనే పెట్టెలు ఎక్కించాడు. నలభై మూడు తరువాత మంచాలు, ఆఖరున ఇనుప బీరువా. తాళ్ళు బిగించారు.

కొత్త ఇంటి ముందు లారీ ఆగేసరికి తొమ్మిదీ ఇరవై అయింది. మహలక్ష్మమ్మ గేటు లోపల కుర్చీలో కూర్చుంది. త్రివిక్రమరావు ధీమాగా రిజిస్టరు తెరిచాడు.

“ముందు ఒకటో నంబరు దించు.”

సింహాచలం లారీని చూశాడు, అతన్ని చూశాడు. “ముందెక్కింది ఆఖర్న దిగుతాది గదా బాబూ. లారీకి తలుపు ఎనకాలే ఉంటాది.”

“ఎంతసేపు పడుతుంది?”

“బీరువా, మంచాలు, నలభై రెండు పెట్టెలు దిగాల. గంటన్నర. టీ తాగకుండా దించితే గంటా పావు.”

నెల రోజులు ఆ రిజిస్టరును దిద్దిన మనిషికి ఈ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. బీరువాలో కాగితాలు ఏ వరుసలో పెట్టినా చేతికి ఒక్కలాగే అందుతాయి. లారీ బీరువా కాదు.

అప్పటికైనా అతను ఆగి ఉంటే బాగుండేది. తన పద్ధతి తప్పని నలుగురిలో ఒప్పుకోవడం ఇష్టం లేక, రిజిస్టరును తల్లి కుర్చీ పక్కన పెట్టి, పంచె ఎగ్గట్టి లారీ ఎక్కాడు. బీరువా పక్కనుంచి దూరి, పెట్టెల మీదుగా పాకుతూ లోపలికి బయలుదేరాడు. పదిహేడో పెట్టె మీద మోకాలు ఆనించగానే అది కుంగింది. దానితోపాటు పక్క వరుస కూలింది. ఎంతో శ్రద్ధగా కాగితాలు చుట్టి పెట్టిన పింగాణీ కప్పులు లోపల పగిలిన చప్పుడు వీధంతా వినిపించింది. సింహాచలం అతని రెండు చేతులూ పట్టి బయటికి లాగాడు. అప్పుడు తొమ్మిదీ ముప్పై ఎనిమిది.

మహలక్ష్మమ్మ కుర్చీలోంచి లేవలేదు. “దెబ్బ తగిలిందా నాయనా? పోనీలే. భీమిలి బస్సు ఎన్నింటికో కనుక్కో,” అంది.

హైమవతి భర్త దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో పాల ప్యాకెట్లు ఉన్నాయి.

“మోకాలు తరవాత చూసుకుందాం. పెరట్లో ఇటుకలున్నాయి, ఎండు కొబ్బరి మట్టలున్నాయి. పొయ్యి నేను చూస్తాను. మీరు ఎదురింటికి వెళ్ళి గిన్నె అడగండి.”

“ముక్కూ మొహం తెలియనివాళ్ళను ఏమని అడగను?”

“గిన్నె ఇమ్మని.”

ఆమె గొంతులో ఎగతాళి లేదు. అతను ఒకసారి తల్లి వైపు చూసి, కుర్చీ పక్కన తెరిచి ఉన్న రిజిస్టరు మూసి, కుంటుకుంటూ వీధి దాటాడు. తలుపు తీసినావిడ పేరు సన్యాసమ్మ.

“నమస్కారమండీ. నా పేరు త్రివిక్రమరావు. జిల్లా కచేరీలో రికార్డుల...”

“అవన్నీ తరవాత చెబుదురుగాని, ఏం కావాల?”

“ఒక గిన్నె.”

“ఎంతది?”

అన్నిటి కొలతలూ రాసుకున్న మనిషికి ఈ కొలత తెలియదు. “పాలు పొంగేంతది,” అన్నాడు.

“అగ్గిపెట్టె ఉందా?”

“ఉందండి. ఒకటో నంబరు పెట్టెలో.”

సన్యాసమ్మ లారీని చూసింది. సంగతి అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇత్తడి గిన్నెలో అగ్గిపెట్టె వేసి, చిటికెడు పసుపు పొట్లం కట్టి, తనూ వెంట వచ్చింది.

పెరట్లో మూడిటుకల పొయ్యి సిద్ధంగా ఉంది. గిన్నె అరువుది కదా అని త్రివిక్రమరావు సందేహిస్తూ తల్లిని అడిగాడు. “గిన్నె ఎవరిదైతేనేం, పొంగేవి మన పాలే,” అంది మహలక్ష్మమ్మ. మట్టలు చిటపటమన్నాయి. హైమవతి వంగి ఊదింది. పొగకు కళ్ళు నీళ్ళు కారుతున్నా అతను ఆమె పక్కనే గొంతుక్కూర్చుని మట్టలు విరిచి అందించాడు. పదింటికి నాలుగు నిమిషాలుండగా పాలు అంచు దాటి పొంగాయి. మహలక్ష్మమ్మ కోడలి భుజం పట్టుకుని కుడికాలు గడప లోపల పెట్టింది.

మధ్యాహ్నం హైమవతి ఇత్తడి గిన్నె తోమి, అందులో పరమాన్నం నింపింది. “ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదండీ,” అంది. దాన్ని తీసుకెళ్ళడానికి త్రివిక్రమరావే లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“ఆ పెట్టె ఆటోలో పెడదామని నువ్వు చెప్పావు. నేను వినిపించుకోలేదు. తప్పు నాది.”

“తెలుసులెండి. పరమాన్నం చల్లారిపోతుంది, వెళ్ళండి,” అంది హైమవతి.

పద్ధతి మంచిదే. కాని పక్కవారికి పద్ధతి తెలియదని వారి మాటను తోసిపుచ్చేవాడికి, తన పద్ధతిలోని తప్పు నష్టం జరిగేదాకా కనిపించదు.