ముందుకు జరగండి

రేపు పిల్లలకి హోలోకాస్ట్ పాఠం చెప్పాలి. రెమీకి మనసు కుదుటపడటం లేదు.

హోలోకాస్ట్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి మారణకాండ. నాజీలు యూదుల్ని ఇళ్ళలోంచి పట్టి, రైళ్ళలో కుక్కి, తీసుకుపోయి చంపారు. అరవై లక్షల మందిని. వాళ్ళలో బడికెళ్ళే పిల్లలున్నారు, ఇంకా బడి ఈడు రాని పిల్లలూ ఉన్నారు.

రెమీ ఉండేది ఫ్రాన్స్‌లో, ఒక కొండమీది మఠంలో. యుద్ధం ముగిసి పదిహేనేళ్ళయింది. మఠం బడిలో అతను కొత్త పంతులు. పని నేర్పుతున్నది ఫాదర్ ఎతియెన్. ఆయన యుద్ధం అయ్యాకే సన్యాసం పుచ్చుకున్నారు. అంతకుముందు ఏం చేసేవారని ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఫాదర్ చిక్కుడు గింజలు వలుస్తుంటే రెమీ వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు.

"చంపినవాళ్ళ మీదకన్నా చూస్తూ ఊరుకున్నవాళ్ళ మీదే నాకు ఎక్కువ మండుతోంది ఫాదర్. మన దేశంలోనూ పిల్లల్ని పట్టుకుపోయారు. బళ్ళలో బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆ పంతుళ్ళకి కళ్ళు లేవా? 'మా పిల్లలేరీ?' అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా?"

"నువ్వు అడిగేవాడివా?"

"అదేం ప్రశ్న ఫాదర్! అడగనివాడు పంతులెలా అవుతాడు? రేపు పిల్లలకి ఇదే చెప్తాను."

"చెప్పు," అన్నారు ఫాదర్. ఇంకో కాయ తీసుకున్నారు.

పొద్దున రెమీ వచ్చేసరికి ఫాదర్ క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. రెమీ హాజరు పిలిచాడు. నలుగురు పలకలేదు. నలుగురికీ గైర్హాజరు వేశాడు. ముందు వరసలో పళ్ళూడినట్టు ఖాళీలు.

"ముందుకు జరగండి. ఖాళీగా ఉంచకండి. ఊఁ, త్వరగా!"

"అది జూల్ చోటు సార్," అని నసిగింది కోలెత్ అనే పిల్ల.

"జూల్ లేడుగా. కూర్చో, బెంచీ ఏం కరవదులే."

పిల్లలు నవ్వారు. జరిగారు. కోలెత్ కూడా జరిగింది.

పాఠం గొప్పగా చెప్పాడు రెమీ. 'ఒక్కరూ అడగలేదు' అన్నప్పుడు బల్లమీద గట్టిగా చరిచాడు. ఇద్దరు పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు.

గంట కొట్టారు. ఫాదర్ లేచి, మ్యాపులు దాచే పక్కగది తలుపు తీశారు. లోపల నేలమీద నలుగురు పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు.

జూల్ కుంటుకుంటూ బయటికొచ్చాడు.

"మీరు మా గురించి అడగ్గానే బయటికి రమ్మని ఫాదర్ చెప్పారు సార్. ఎంతకీ అడగరేం? కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి!"

అని తన చోటు వైపు చూశాడు. అక్కడ కోలెత్ కూర్చుని ఉంది.

రెమీ చేతిలో సుద్దముక్క బల్లమీద పెట్టేశాడు.

ఫాదర్ పిల్లలందర్నీ ఆటకి పంపేశారు. గదిలో ఇద్దరే మిగిలారు.

"పంతొమ్మిది వందల నలభై రెండు, అక్టోబరు. సెలవులై బడి తెరిచిన రోజు. నా క్లాసులో నలుగురు రాలేదు," అన్నారాయన. "ముందుకు జరగమన్నాను."

బల్లమీది సుద్దపొడిని అరచేత్తో నెమ్మదిగా తుడిచారు.

"ఆ రోజు భిన్నాలు చెప్పాను రెమీ. పిల్లలకి బాగా వచ్చాయి."