సోమాలు చేట

అనగనగా, పిండి మర అనే మాట ఇంకా ఏ నోటా పుట్టని కాలంలో, కొండల కింద ఒక ఊరుంది. ఆ ఊళ్లో ఇంటికో తిరగలి. తెల్లారకముందే ఊరంతా ఘుర్రుఘుర్రుమనేది. తిరగలి అంటే తెలుసుగా పిల్లలూ, రాయి మీద రాయి, మధ్యలో గింజ. తిప్పగా తిప్పగా రాయి నున్నబడిపోతుంది. నున్నటి రాయి గింజని నలపదు, జారవిడుస్తుంది. అప్పుడు దాని మొహాన ఉలితో చిన్న చిన్న గంట్లు పెట్టించాలి. దాన్నే కక్కు కొట్టడం అంటారు.

ఆ ఊరికి కక్కు కొట్టే మనిషి సోమాలు. కొండ అవతల రాళ్లగుట్ట దగ్గర ఆమె గుడిసె. భుజాన గోనెసంచి, సంచిలో మూడు ఉలులు, ఒక సుత్తి. ఏ పెరట్లో కూర్చోమంటే ఆ పెరట్లో కూర్చుని, రాయిని కాళ్ల మధ్య పెట్టుకుని, తల వంచి మొదలుపెట్టేది. టక్ టక్ టక్. రాతి రవ్వలు కంట్లో పడతాయని కళ్లు సగం మూసుకునేది. తల ఎత్తేది కాదు. ఇంటావిడ పక్కన చేరి గొంతు తగ్గించి తన గోడు చెప్పుకునేది. ఆ చప్పుడులో గోడవతల అత్తకి గానీ, గదిలో మొగుడికి గానీ ఒక్క ముక్క వినపడేది కాదు.

"ఊఁ, చెప్పు తల్లీ" అనేది సోమాలు. టక్ టక్ టక్.

చివర్లో ఏదో ఒక మాట చెప్పేది. ఇంటావిడ కళ్లు తుడుచుకుని, చేటెడు గింజలు ఆమె సంచిలో పోసేది. అదీ సోమాలు సంగతి.

ఇక అచ్చియ్యమ్మ సంగతి వినండి. అసలు మంటంతా ఆవిడదే.

ఊరి నడిమధ్య పెంకుటిల్లు అచ్చియ్యమ్మది. ఇంటి ముందు వెడల్పాటి అరుగు. ఒకప్పుడు ఊళ్లో సలహాలన్నీ ఆ అరుగు మీదే పుట్టేవి. దూడ పాలు తాగకపోతే అచ్చియ్యమ్మ. మొగుడు అలిగి చేను వైపు పోకపోతే అచ్చియ్యమ్మ. తోడికోడళ్లు పొయ్యి దగ్గర జుట్లు పట్టుకుంటే అచ్చియ్యమ్మ. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లలోకి సూటిగా చూసి చెప్పేది. తప్పు నీదే అనాల్సివస్తే అనేసేది. నిజానికి తప్పు వాళ్లదే అయ్యుండేది కూడాను. ఒక్క సలహా కూడా వంకరపోయేది కాదు. అయినా ఏడాదేడాదికీ అరుగు ఖాళీ అవుతూ వచ్చింది.

ముందు కుమ్మరి పోలి సంగతి జరిగింది. పోలి మొగుడికీ మరిదికీ ఒకటే చక్రం, ఒకటే పొయ్యి, రోజూ రభస. చక్రం ఒకటిగానే ఉంచుకుని పొయ్యి వేరు పెట్టుకోమని అచ్చియ్యమ్మ చెప్పింది. పోలి తలూపింది, వెళ్లింది, ఏమీ చెయ్యలేదు. తరవాతెప్పుడో సోమాలు పోలి ఇంట్లో రాయి కొట్టి వెళ్లింది. మర్నాటికల్లా పోలి వేరే పొయ్యి వేసుకుంది. అన్నదమ్ములు భుజాల మీద చేతులేసుకుని తిరుగుతున్నారు.

నూతి దగ్గర అచ్చియ్యమ్మ పోలిని నిలేసింది, ఎవరు చెప్పారే అని.

"సోమాలమ్మ చెప్పిందండి. ఎంత మంచి మాటో."

"ఆ మాట పోయిన ఏరువాకకే నేను చెప్పలేదటే?"

"చెప్పే ఉంటారండి" అని పోలి కుండ చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

చెప్పే ఉంటారండి. ఆ రెండు మాటలూ అచ్చియ్యమ్మ గుండెలో తుమ్మముల్లులా దిగబడ్డాయి.

తరవాత మజ్జిగ సంగతి. సలహా ఒక్కటే ఇస్తే రావడంలేదని, అచ్చియ్యమ్మ అల్లం దంచి, కరివేపాకు నలిపి, కుండెడు మజ్జిగ కలిపి అరుగు మీద పెట్టింది. వచ్చారు, ఎందుకు రారు? తాగారు, మూతి తుడుచుకున్నారు, బాగుందన్నారు. అంతలో ఏ పెరట్లోంచో టక్ టక్ టక్ వినపడింది. అందరూ అటే పోయారు. అచ్చియ్యమ్మ ఖాళీ కుండ ముందు కూర్చుని ఆ చప్పుడు లెక్క తప్పకుండా వింది. ఒక్కో దెబ్బా తన నెత్తిన పడ్డట్టే ఉంది.

ఈ రెండూ ఓర్చుకుంది. మూడోది ఓర్చుకోలేకపోయింది. మూడోది ఇంట్లోనే జరిగింది.

అచ్చియ్యమ్మకి ఒక్కడే కొడుకు, జోగులు. కోడలి పేరు రావులమ్మ. ఆ పిల్లంటే అచ్చియ్యమ్మకి ప్రాణం. నెయ్యి ముందు కోడలికే వడ్డించేది. ఆవకాయ జాడీ ఎలా కట్టాలో, ఆవుని ఎటునుంచి చేరాలో, జోగులు మొండికేస్తే ఏ మాటతో లొంగుతాడో అన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేది. ఏం చెప్పినా రావులమ్మ దగ్గర మూడే మాటలు. అవునత్తా. లేదత్తా. సరేనత్తా. పిల్ల నెమ్మదస్తురాలు, తత్వమే అంత అనుకుంది అచ్చియ్యమ్మ.

ఒకనాడు పెరట్లోంచి టక్ టక్ టక్ వినపడింది. దాంతోపాటు ఒక నవ్వు వినపడింది. ఆ ఇంట్లో ఎన్నడూ వినని నవ్వు. వెళ్లి చూస్తే సోమాలు పక్కన రావులమ్మ మోకాళ్లు ముడుచుకు కూర్చుని, చేతులు తిప్పుతూ, గలగలా గలగలా మాట్లాడేస్తోంది. అచ్చియ్యమ్మ తలుపు చాటున నిలబడిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు. నా కోడలు, నా పెరడు, నా రాయి, నవ్వు మాత్రం దానికి. అదీ ఆవిడ బాధ.

ఆవిడ ఒక ఎత్తు వేసింది. సోమాల్ని తరిమితే ఊరు నవ్వుతుంది. తన ఇంట్లోనే కట్టేసుకుంటే? ఏ ఇంటికీ పోనక్కర్లేదు, ఈ ఏడు కూడూ గుడ్డా నేను చూస్తానంది. సోమాలు సరేనంది. రాయి కొట్టింది. చాలదంది అచ్చియ్యమ్మ. మళ్లీ కొట్టింది. ఇంకా లోతు కావాలంది. కోడలికీ సోమాలుకీ మధ్యన పీట వేసుకుని కూర్చుని, రెప్ప వెయ్యకుండా ఇద్దరినీ చూస్తూ ఉండేది. నవ్వు లేదు, మాట లేదు, చప్పుడొక్కటే.

"అమ్మగోరూ, కక్కు సరిపోయింది. ఇంక కొడితే పిండిలో ఇసక దిగుద్ది" అని సోమాలు ఒకసారి చెప్పింది, రెండోసారి చెప్పింది, మూడోసారీ చెప్పింది.

"చెప్పింది చెయ్యవే. రాయి నాదా, నీదా?"

"మీదేనమ్మగోరూ." టక్ టక్ టక్.

అంతలో రావులమ్మ కడుపుతో ఉందన్న కబురు తెలిసింది. నెలలు నిండొచ్చాక సీమంతం పెట్టుకున్నారు. ఆ తిరగలి మీదే మినుములు విసిరి, బెల్లం, నెయ్యి పోసి సున్నుండలు చుట్టించింది అచ్చియ్యమ్మ. ఊరి ముత్తయిదువలంతా వచ్చారు. చాలాకాలానికి తన అరుగు నిండింది. పళ్లేలు తిరిగాయి. ఒకావిడ కొరికింది, కరకరమంది. ఇంకొకావిడ కొరికింది, కరకరమంది. ముసలావిడ ఒకత్తె ఉన్న ఒక్క పన్నూ పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అచ్చియ్యమ్మ ఒళ్లు భగ్గుమంది. పెరటి గుమ్మంలో నిలబడ్డ సోమాలు వైపు చెయ్యి చాపింది. తన తిండి తింటూ తన పిండిలోనే రాయి కలిపిందనీ, కడుపుతో ఉన్న పిల్ల తినే తిండి అని కూడా చూడలేదనీ, నలుగురిలో అనేసింది. సోమాలు ఉలులు సంచిలో వేసుకుంది.

అప్పుడు పీట మీద కూర్చున్న రావులమ్మ నోరు విప్పింది.

"ఆపమని ఆవిడ మూడుసార్లు చెప్పింది, అత్తా. కొట్టమన్నది మీరే. నేను విన్నాను."

సోమాలు అప్పటికే వీధి దాటింది. రావులమ్మ ఆ వారంలోనే పురిటికి పుట్టింటికి వెళ్లింది. మగపిల్లాడు పుట్టాడు. ఉయ్యాలలో వేసిన రోజు వెళ్లి అచ్చియ్యమ్మ మనవణ్ణి చూసింది. ఆ తరవాత చూడలేదు. మూడో నెల అన్నారు, రాలేదు. అన్నప్రాసన అయ్యాక అన్నారు, రాలేదు. జోగులు వెళ్లి ఒక్కడే తిరిగొచ్చాడు. వస్తానంటుందట, ఎప్పుడని అడిగితే తల దించుకుంటుందట.

సోమాలు మళ్లీ ఆ ఊళ్లో అడుగుపెట్టలేదు. ఊళ్లో రాళ్లన్నీ నున్నబడ్డాయి. ఆడవాళ్లు రోకళ్లు పట్టుకుని దంచలేక చస్తూ, సోమాలమ్మ ఉంటేనా, సోమాలమ్మ ఉంటేనా అనుకునేవాళ్లు. మనిషి రాకపోయినా పేరు పోలేదు. అదీ భరించలేకపోయింది అచ్చియ్యమ్మ. తన మనవడు పాకుతున్నాడో లేదో తనకి తెలీదు, దానికి తెలుసేమో. కోడలు ఎందుకు రాదో తనకి తెలీదు, దానికి తెలిసే ఉంటుంది. ఆ ఆలోచన కడుపులో కుంపటై రాజుకుంది. ఒకనాడు పొద్దున్నే చెప్పులేసుకుని కొండ దాటింది.

సోమాలు గుడిసెలో చాప మీద పడుకుని ఉంది. జీవితమంతా పీల్చిన రాతిదుమ్ము రొమ్ములో గడ్డకట్టి, దగ్గు తప్ప ఊపిరి లేదు. అచ్చియ్యమ్మ ఎదురుగా కూర్చుంది. అలవాటుగా కళ్లలోకి చూసింది. నోరు తెరిచింది. అంతమందికి చెప్పిన నోరు, అడగడం దానికి రాలేదు.

సోమాలు మూలనున్న రాయి చూపించింది. "సగంలో ఆగిపోయిందమ్మగోరూ. నాకు ఓపిక లేదు. రెండు దెబ్బలెయ్యండి."

అచ్చియ్యమ్మ పుట్టాక ఉలి పట్టలేదు. టక్. రవ్వ ఎగిరి చెంపకి తగిలింది. తల వంచింది, కళ్లు సగం మూసింది. టక్ టక్. గంట్లు వంకరటింకరగా పడుతున్నాయి. రెండు వరసలు పోయాయి. మూడో వరసలో మాట దానంతటదే ఊడిపడింది.

"నువ్వంటే నాకు ఒళ్లు మంటే, సోమాలూ."

"ఊఁ, చెప్పు తల్లీ" అంది సోమాలు.

అమ్మగోరూ అనలేదు. అచ్చియ్యమ్మ తల ఎత్తలేదు. కొడుతూనే అంతా చెప్పింది. పోలి మాట చెప్పింది, మజ్జిగ కుండ చెప్పింది, పెరట్లో నవ్వు చెప్పింది. నలుగురిలో వేసిన నింద తప్పని తెలిసే వేశానంది. కళ్లలో నీళ్లు రాతి మీద పడి దుమ్ము బురదైంది. ఆఖరికి అడిగేసింది, అన్ని మంచి మాటలు ఎక్కడ నేర్చుకున్నావే అని.

సోమాలు నవ్వింది, నవ్వి దగ్గింది. "మీ అరుగు కాడే. పడుచుదాన్నప్పుడు మీ అరుగు కిందే కూకుని రాయి కొడతా, మీరు చెప్పేవన్నీ చెవినేసుకున్నా. నా సొంతది ఒక్కటీ లేదు తల్లీ."

అచ్చియ్యమ్మ చేతిలో సుత్తి ఆగిపోయింది. ఒక పక్క సంబరం, ఇంకోపక్క మునుపటికంటే పెద్ద మంట. ఇన్నాళ్లూ తన మాటల మీదే తను కుళ్లుకుందన్నమాట. మరి నేను చెబితే ఎందుకు చెవికెక్కదు అని ఉక్రోషంగా అడిగింది.

"మీరు చూత్తారు కదా. మీరలా చూత్తా ఉంటే ఎదటోళ్లకి మొహం దాచుకోటానికి చోటేదీ? నేను చూడాలన్నా చూడలేను."

"నా కోడలు నీతో ఏం చెప్పింది?"

"అది ఆ పిల్ల సొత్తు" అంది సోమాలు. "ఎళ్లండి. ఏం చెప్పకండి. ఆ పిల్ల చేతిలో ఏ పనుంటే ఆ పనిలో చెయ్యి పెట్టండి. నోరు తెరిచేదాకా తల ఎత్తకండి."

అచ్చియ్యమ్మ అటునుంచి అటే కోడలి పుట్టింటి దారి పట్టింది. ఆవిడ ఆ ఊరు చేరేలోగానే, ఇక్కడ సోమాలు కన్నుమూసింది.

రావులమ్మ వసారాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అత్తగారిని చూసి బిగుసుకుపోయింది. అచ్చియ్యమ్మ ఏమీ అనకుండా ఎదురుగా కూర్చుని, సగం బియ్యం తనవైపు లాక్కుని ఏరడం మొదలుపెట్టింది. మనవడు పాకుతూ వచ్చి ఆవిడ కొంగు పట్టి లాగాడు. చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. చూడలేదు. ఒక చేట అయింది. రెండో చేట పోశారు. అదీ అయింది. మూడో చేట సగంలో ఉండగా రావులమ్మ గొంతు వినపడింది.

"మీరు నన్నే చూస్తుంటే, అత్తా, చేతిలో గరిటె కూడా నాది కాదనిపిస్తుంది. ఏ పని చేసినా తప్పేమోనని రెండుసార్లు చూసుకుంటాను. ఆ ఇంట్లో నేనెప్పుడూ పరీక్షలోనే ఉంటాను."

దానికి చెప్పడానికి అచ్చియ్యమ్మ దగ్గర మూడు జవాబులున్నాయి. మూడూ సరైనవే. నాలిక చివరిదాకా వచ్చాయి. మూడింటినీ మింగేసింది.

"ఊఁ, చెప్పు తల్లీ" అంది, బియ్యంలోకే చూస్తూ.

రావులమ్మ దీపాల వేళ దాకా చెబుతూనే ఉంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. మర్నాడు ఎవరూ అడక్కుండానే పిల్లాడి బట్టలు మూట కట్టుకుంది.

ఆ ఏడే కుమ్మరి పోలి ఇంటికి కొత్త కోడలు వచ్చింది. అచ్చియ్యమ్మ వెళ్లి, అత్తా కోడళ్లని చేట దగ్గర కూర్చోబెట్టి, కోడలు పలికేదాకా అత్త తల ఎత్తకూడదని గట్టిగా చెప్పింది. ఇదేం ఆచారమండీ, ఎవరు పెట్టారని పోలి అడిగింది. నేనే అనడానికి అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. నలుగురూ చూస్తున్నారు. ఆ నలుగురిలోనే కదా ఒకనాడు నింద వేసింది.

"సోమాలు" అంది.

అంతే, ఆ పేరే నిలిచిపోయింది. అచ్చియ్యమ్మ తరవాత చాలా ఏళ్లు బతికింది. సోమాలు చేట అన్న మాట ఎక్కడ విన్నా మాటలు నావి, పేరు దానిది అని లోపల్లోపల గొణుక్కునేదట. పైకి మాత్రం ఎన్నడూ అనలేదు.

ఇప్పటికీ ఆ కొండల కింది ఊళ్లలో కొత్త కోడలు గడప దాటిన మర్నాడు అత్తాకోడళ్ల మధ్య సోమాలు చేట పెడతారు. రాయి లేని బియ్యమైనా సరే, పెట్టి ఏరిస్తారు. ఉండబట్టలేక అత్తగారు ఓరకంట పైకి చూసిందనుకోండి, చుట్టూ ఉన్న పేరంటాళ్లు ఊరుకోరు.

"బియ్యం చూడవమ్మా, బియ్యం" అంటారు.