మలుపు అవతల ఏముంది?

తబిత కొండ ఎక్కుతుంటే చూడాలి. నర్సీపట్నంలో సైకిలు తొక్కే ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా ఆమె వెనక చక్రం పట్టుకుని పైదాకా రాలేకపోయేవాళ్లు. సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టిందంటే, ఇక కొండే కాస్త వంగి దారిచ్చినట్టుండేది.

చిక్కంతా దిగడం దగ్గరే వచ్చింది.

పోయిన వానాకాలం పాత ఘాట్ రోడ్డు దిగుతూ, జీలుగు చెట్ల మలుపు దగ్గర ఇసుక మీద చక్రం జారి పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది. ఎక్కడం ఎప్పటిలాగే వచ్చేసింది. దిగేటప్పుడు మాత్రం రెండు చేతులూ బ్రేకుల మీద బిగుసుకుపోయేవి. లోయ అంచున పాతిన తెల్లరాళ్లు కళ్లని లాగేసేవి. వాటినే చూసేది. సైకిలు వాటివైపే పోయేది. ఇంకా గట్టిగా బ్రేకు పట్టేది. ఎక్కేటప్పుడు తను దాటేసి వచ్చిన వాళ్లంతా దిగేటప్పుడు రయ్యిమని పక్కనుంచి పోయేవాళ్లు. రేవతి అనే అమ్మాయైతే పోతూ పోతూ చెయ్యి కూడా ఊపేది. ఆ చెయ్యి చూస్తే తబితకు ఒళ్లు మండిపోయేది.

వచ్చే ఆదివారమే జిల్లా జట్టుకి ఎంపిక. అదే రోడ్డు. పైదాకా ఎక్కాలి, తిరిగి దిగి, కింద కల్వర్టు దాటాలి. ముందు దాటిన వాళ్లకే జట్టులో చోటు.

ఆమెకు సైకిలు పందేలు నేర్పిన గురువు కరీముల్లా మాస్టారు. హైస్కూల్లో వ్యాయామం మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, లావుపాటి కళ్లద్దాలు. ఆయన సైకిలు పాతకాలం ఇనప సైకిలే గానీ గొలుసు ఎప్పుడూ తళతళలాడుతుండేది. మాటలు తక్కువ.

తబిత ఆయన వాకిట్లో సైకిలు ఆనించి, మెట్టు మీద కూలబడింది.

"మాస్టారూ, అందరూ తలో మాటా చెప్తున్నారు. ఒకడు బ్రేకులు మార్చమంటాడు. ఒకడు టైర్లు మార్చమంటాడు. కళ్లు మూసుకుని వదిలెయ్ అన్నవాడు కూడా ఉన్నాడు. మీరు చెప్పండి. భయం పోవాలంటే ఏం చెయ్యాలి?"

ఆయన గొలుసుకి నూనె పెడుతూ తల ఎత్తలేదు.

"రేపు పొద్దున్నే పాత రోడ్డుకి రా అమ్మా," అన్నారు.

అంతే. అయినా తబితకు ప్రాణం లేచొచ్చింది. మాస్టారు ఊరికే రమ్మనరు. ఏదో కిటుకు ఉండే ఉంటుంది, రేపు అది చెప్పేస్తారు అనుకుంది.

కొత్త రోడ్డు పడ్డాక బస్సులూ లారీలూ అటు మళ్లిపోయాయి. పాత ఘాట్ రోడ్డు కొండకీ పిట్టలకీ సైకిళ్లకీ మిగిలింది. ఎప్పుడో ఒక మోటారు సైకిలు, సంత రోజైతే ఒక ఆటో. మిగతా రోజుల్లో టైరు కింద ఆకు నలిగినా వినబడుతుంది. మర్నాడు తెల్లారుతుండగా ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. పక్కనే కాఫీ తోటలు, చెట్లకు పాకిన మిరియాల తీగలు, చల్లటి గాలి. తబిత ఆగలేకపోయింది. ఒక్కో మలుపు దగ్గరా ముందుకి పోయి, వెనక్కి తిరిగి మాస్టారి దాకా వచ్చి, మళ్లీ పైకి పోయింది. ఆయన మాత్రం ఒకే తీరున, తొందర లేకుండా, పైదాకా తొక్కారు.

కొండమీద మంచు దట్టంగా పట్టి ఉంది. మాస్టారు కళ్లద్దాలు తీసి కండువాతో తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తుడిచారు. చివరికి విసుగ్గా తీసి జేబులో పెట్టేసుకున్నారు.

"పెట్టుకుంటే మంచు పట్టేస్తోంది. తీసేస్తే దూరం ఆనదు. ఓ పని చెయ్యమ్మా. నువ్వు ముందు పద. మలుపు అవతల ఏముందో గట్టిగా అరిచి చెప్పు. నేను నీ గొంతు పట్టుకుని వస్తాను."

తబిత కిందకి పోయే రోడ్డు వైపు చూసింది. "నేనా? నేను ముందా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

"మరి కిటుకేదో చెప్తారనుకున్నాను మాస్టారూ..."

"ముందు నన్ను కిందకి చేర్చు."

చేసేదేముంది. తబిత ముందు బయల్దేరింది. మొదటి మలుపు వచ్చింది. చేతులు బిగుసుకున్నాయి. కళ్లు తెల్లరాళ్ల మీదకి పోయాయి. సైకిలు నత్తలా పాకింది.

వెనకనుంచి కేక వినబడింది. "ఏముందమ్మా?"

"చూడలేదు మాస్టారూ!"

"నువ్వు చూడకపోతే నేను లోయలోకి పోతాను!"

ఆ మాట వీపు మీద చరిచినట్టు తగిలింది. తనకోసం భయపడటం ఆమెకు అలవాటే. ఇది వేరే. డెబ్బై దాటిన మనిషి, కళ్లద్దాల్లేకుండా, తన గొంతు పట్టుకుని వెనకాలే వస్తున్నారు.

రెండో మలుపుకి తల పైకెత్తింది. రాళ్లు కాదు, రోడ్డు. రోడ్డు కూడా కాదు, రోడ్డు తిరిగి కనబడకుండా పోయే చోటు. అక్కడికి చూపు పారేసింది.

"ఖాళీ!"

"ఆఁ!" అని వెనకనుంచి.

సైకిలు చూపు వెంటే తిరిగింది. తిరిగాక గానీ తిరిగిందని ఆమెకు తెలియలేదు. అప్పటికే కళ్లు తర్వాతి మలుపు మీద ఉన్నాయి.

"తడి ఆకులు! కుడి పక్క!"

"ఆఁ!"

"ఖాళీ!"

"ఆఁ!"

"మనుషులు! కట్టెల మోపులు! ఎడమ పక్కకి ఉన్నారు!"

మోపులు మోసుకొస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఈ అరుపులకి ఆగి చూశారు. ఒకామె పకపకా నవ్వింది. తబిత కూడా నవ్వేసింది. గాలి నోట్లోకి దూసుకొచ్చి నవ్వుని సగంలోనే పట్టుకుపోయింది. చెవుల్లో ఒకటే హోరు. మంచు మొహానికి చల్లగా తగిలి చెంపల మీంచి జారుతోంది. మలుపుకి ముందు బ్రేకు ఒక్కసారి అలా తాకడం, వదలడం, బయటి కాలు కిందకి తొక్కి పట్టడం, సైకిలు ఒరగడం, లేవడం. ఎప్పుడో నేర్చుకున్నవన్నీ ఎవరో గుర్తు చేసినట్టు వాటంతటవే వచ్చేస్తున్నాయి. ఆమె మాత్రం అరుస్తోంది.

"ఇసుక! లోపలి పక్క ఇసుక!"

"ఖాళీ!"

"గేదెలు! ఆగండి మాస్టారూ, గేదెలు!"

రోడ్డుకి అడ్డంగా మంద. ముందే చూసింది కాబట్టి ముందే నెమ్మదించింది. చివరి గేదె తోక విసిరే సందులోంచి సర్రున బయటపడింది. "కుడి పక్క సందుంది!" అని అరిచి మళ్లీ వదిలేసింది. ఎండ వచ్చింది. కింద పొలాలు కనిపించాయి. గొంతు బొంగురుపోయింది. అయినా అరవడం ఆపలేదు. ఖాళీ, ఖాళీ, గుంత, ఖాళీ. కొండంతా ఆమె గొంతే.

కల్వర్టు దాటాక గానీ ఆగలేదు. ఒక కాలు నేల మీద ఆన్చి, రొప్పుతూ, మొహమంతా నవ్వుతో వెనక్కి తిరిగింది.

ఎవరూ లేరు.

నవ్వు ఆగిపోయింది. వెనకనుంచి ఆ "ఆఁ" ఎప్పటినుంచి వినబడటం లేదో గుర్తు రాలేదు. గేదెల దగ్గర ఉందా? ఇసుక దగ్గర? "మాస్టారూ!" అని అరిచింది. కొండ ఆ పిలుపునే తిప్పి పంపింది. సైకిలు గబగబా పైకి తిప్పింది.

అప్పుడు కనబడ్డారు ఆయన. చివరి మలుపులోంచి, వంగిన కొమ్మలా చక్కగా ఒరిగి, రోడ్డు మీది పేడకుప్పను ఒక జానెడు దూరంలో తప్పించి, కూనిరాగం తీస్తూ దిగుతున్నారు. కళ్లద్దాలు కళ్లకే ఉన్నాయి.

తబితకు ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"ఏమైపోయారు మాస్టారూ! ఎంత హడలిపోయానో తెలుసా! కనబడదన్నారు కదా?"

"మంచులో కనబడలేదమ్మా. మంచు విడిపోయాక కనబడింది."

"విడిపోతే చెప్పొద్దూ? నేనేమో వెనకాలే ఉన్నారనుకుని గొంతు చించుకుంటున్నాను. ఎక్కడ విడిపోయింది?"

మాస్టారు సీసా మూత తీసి రెండు గుక్కల నీళ్లు తాగారు. మూతి తుడుచుకున్నారు.

"జీలుగు చెట్ల దగ్గర. అక్కడ ఆగి కాసేపు విన్నాను. మలుపు మలుపుకీ నీ గొంతు కిందకి పోతూనే ఉంది."

తబిత తల ఎత్తి కొండ వైపు చూసింది. సగం ఎత్తులో, ఎండలో, జీలుగు చెట్ల తలలు పచ్చగా మెరుస్తున్నాయి. వాటి కింద తను పడిన చోటు. ఈ పొద్దున తను ఆ మలుపు దాటే వచ్చి ఉండాలి. వేరే దారి లేదు మరి. ఇసుక అని అరిచింది గుర్తుంది. చెట్లు గుర్తు లేవు.

మాస్టారు కల్వర్టు గోడ మీద కూర్చుని కండువా విదిలించుకున్నారు.

తబిత నీళ్లు కూడా తాగలేదు. సైకిలు ముందు చక్రం ఇంకా కొండ వైపే ఉంది. ఎక్కి, పెడలు మీద కాలు పెట్టింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు మాస్టారు.

"పైకి."

"పొద్దున్నేగా ఎక్కావు!"

బొంగురు గొంతుతో, అప్పటికే సీటు మీంచి లేచి తొక్కుతూ, వెనక్కి చూడకుండా అరిచింది తబిత.

"ఎక్కడానికి కాదు మాస్టారూ!"