కర్ర నేలకు దించిన అమ్మవారు

ఈ నాలుగు మాటలు రాసిన మనిషి ఇంతకుముందు ఏమీ రాసి ఎరగదు. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది, ఆ తర్వాత కలం పట్టింది సంతకానికే. గుడి ముందు ముగ్గు వేస్తూ, యాత్రికులు అడిగినదానికి తలొంచుకుని జవాబు చెప్పేది. ఆ చెప్పేదేదో రాసిమ్మని గుడి పెద్దలు అడిగితే కాదనలేకపోయింది. తప్పులుంటే అవి ఆమెవి. కథ మాత్రం పెద్దలు చెప్పినది.

ఏటివలస, తోటవలస గ్రామాల మధ్య, ఏటి గట్టు మీద దింపుకర్ర అమ్మవారు కొలువై ఉన్నది. గుడి చిన్నది, పెంకు కప్పు. గుడి ముందున్న మెత్తని ఎర్రమట్టి నేల గరిడీ, అంటే కర్రసాము నేర్చుకునే చోటు. అమ్మవారికి రెండే చేతులు. ఎడమ చెయ్యి ఖాళీగా వెనక్కి చాపి ఉంటుంది. కుడి చేతిలో ఒక కర్ర, దాని కొన నేలకు ఆని ఉంటుంది. ఏ ఊరి అమ్మవారైనా ఆయుధం ఎత్తి ఉంటుంది కదా. అందుకని కొత్తగా వచ్చిన పిల్లలు, "అమ్మవారు ఓడిపోయిందా?" అని అడుగుతారు. పెద్దలకూ ఆ సందేహమే, కాని పైకి అడగరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గరిడీ ఒక్కటే ఉండేది. దానికి గురువు ఏటివలస అసిరినాయుడు. ఆయనకు ఇద్దరు పిల్లలు, పెద్దది దాలమ్మ, చిన్నవాడు తవిటినాయుడు. సాము మొదలుపెట్టే ముందు ఆయన శిష్యులందరి చేతా వరస దణ్ణం పెట్టించేవాడు. కర్ర కొన నేలకు ఆనించి, తనకు నేర్పిన గురువు పేరు, ఆ గురువుకు నేర్పిన గురువు పేరు, అలా మొదటివాడి దాకా చెప్పుకోవాలి. తవిటినాయుడు నలుగురి గొంతుల మధ్య పెదవులు కదిపి సరిపెట్టేవాడు. కర్ర దించి వరస చెబుతున్న మనిషి మీద దెబ్బ వెయ్యకూడదు. ఎదుటివాడి వరసలో మన గురువుల పేరు ఒక్కటి వినబడినా వాడి మీద కర్ర ఎత్తకూడదు. ఈ సంగతులన్నీ ఆయన సాము అయ్యాక, అంబలి తాగుతూ చెప్పేవాడు. తవిటినాయుడికి అప్పటికి కాళ్ళు నిలిచేవి కావు, ఏటికి ఈతకు పోయేవాడు. దాలమ్మ మాత్రం ముంత పట్టుకుని చివరిదాకా వినేది.

తండ్రి పోయాక తవిటినాయుడు గురువయ్యాడు. కర్ర తిప్పితే గాలి ఈల వేసేది, అంత నేర్పు. కాని వరస దణ్ణం మానేశాడు.

"దణ్ణం మానేశావేటిరా?" అని దాలమ్మ అడిగింది.

"పోయినోళ్ళ పేర్లు చదివితే దెబ్బ ఆగుతాదేటే అప్పా? ఆ పేర్లు నువ్వే చెప్పుకో, అంబలి కాసినంతసేపూ పొద్దుపోతాది" అన్నాడు. కుర్రాళ్ళు గొల్లున నవ్వారు.

దాలమ్మకు నలుగురిలో నోరు పెగిలేది కాదు. లోపలికి పోయి, నిజంగానే అంబలి కలుపుతూ రోజూ ఆ పేర్లు చెప్పుకునేది. తాను కూడా మరిచిపోతే ఇక చెప్పేవాళ్ళు లేరని ఆమె భయం.

అటువంటి రోజుల్లో వాన మొహం చాటేసింది. ఏటికి ఎగువనున్న తోటవలసవారు రాళ్ళూ కంపా వేసి అడ్డుకట్ట కట్టుకున్నారు. దిగువన ఏటివలస వరినారు ఎండిపోసాగింది. మాటా మాటా పెరిగి, ఏటిలోనే కర్రలతో తేల్చుకుందామనుకున్నారు. తోటవలసకూ గరిడీ ఉంది. దాని గురువు జగ్గునాయుడు, తల నెరిసినా చెయ్యి నెరవనివాడు. ఏనాటిదో ఒక పెళ్ళి తగువు వల్ల రెండు గరిడీలకూ తరాలుగా మాటల్లేవు.

కర్రలతో తేల్చుకునే ముందురోజు మధ్యాహ్నం గరిడీ అంచున దాలమ్మకు కునుకు పట్టింది. కలలో నల్లని ముసలమ్మ ఒకతె, ఆవులు తోలే కర్ర పైకెత్తి పట్టుకుని కనిపించింది.

"నా కర్ర ఎత్తించేసి ఊరుకున్నారే పిల్లా. చెయ్యి లాగేస్తోంది, దించు" అన్నది.

"నువ్వెవరమ్మా?"

"మీ నాన్న చెప్పిన పేర్ల వెనకాలున్నాను."

ఆ కల తమ్ముడికి చెబితే, "ఎండలో పడుకుంటే అలాటివే వస్తాయి" అని కొట్టిపారేశాడు.

మర్నాడు మగవాళ్ళ వెనకే దాలమ్మ కూడా ఏటికి వెళ్ళింది. జగ్గునాయుడు ముందుకు వచ్చాడు. వస్తూనే కర్ర కొన ఇసుకకు ఆనించి, తల వంచి, తన గురువు పేరు ఎత్తాడు. పగవాడు కూడా ఆ దణ్ణమే పెడతాడని తవిటినాయుడికి తోచలేదు. ముసలివాడు జంకి కర్ర దించేశాడనుకున్నాడు. "ఏం తాతా, అప్పుడే దించేశావా?" అని నవ్వి, భుజం మీద దెబ్బ వేశాడు.

తోటవలసవారు ఒక్కసారిగా అరిచారు. దణ్ణంలో ఉన్న గురువును కొట్టడం వాళ్ళు కని విని ఎరగరు. జగ్గునాయుడు తల ఎత్తాడు. ఒక్క విసురుకు తవిటినాయుడి మణికట్టు కమిలి కర్ర ఎగిరిపోయింది, రెండో విసురుకు మనిషి ఇసుకలో పడ్డాడు. మూడో దెబ్బ తలకు లేచింది.

దాలమ్మ ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. తమ్ముడికి అడ్డంగా నిలబడి, పడిపోయిన కర్ర తీసి, కొన నేలకు ఆనించింది. నలుగురిలో పెగలని గొంతు అప్పుడు పెగిలింది.

"మా నాన్న అసిరినాయుడు. ఆయనకి కర్ర ఇచ్చినోడు పెంటయ్య. పెంటయ్యకి ఇచ్చినోడు బుగత సూరన్న. సూరన్నకి ఇచ్చినోడు ఎర్రదాసు."

జగ్గునాయుడి కర్ర గాలిలోనే ఆగింది. "ఎర్రదాసా? కొండకింద ఎర్రదాసేనా?"

"ఆయనే బాబూ. మా వరసకి మొదటోడు."

"మాకూ ఆయనే పెద్ద" అని జగ్గునాయుడు కర్ర దించాడు. అయినా కోపం చల్లారలేదు. "నీ తమ్ముడు దణ్ణంలో ఉన్నవాణ్ణి కొట్టాడమ్మా."

"తెలీక కొట్టాడు బాబూ. ఈత నుంచి లాక్కొచ్చి కూర్చోబెట్టి చెప్పవలసింది, మేం చెప్పలేదు."

ఆ మాటకు ముసలాయన పెదవి మీద నవ్వు వచ్చింది. "సగమే చెప్పాడు మీ నాన్న కూడా. ఎర్రదాసు మొదటోడు కాదు. ఆయనకి కర్ర ఇచ్చింది ఆలమందల ముసలమ్మ. చిరుతపులి ఎదురైతే, ఓ చేత్తో దూడల్ని వెనక్కి తోసి, కర్ర ఇలా నేలకి పెట్టి నిలబడిపోయిందంట. కొట్టలేదు, కదల్లేదు. పులి చూసి చూసి పోయింది. ఎర్రదాసు ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. నా వెనకాల కాచుకోవలసినోళ్ళు ఉన్నారని చెప్పడమేనమ్మా ఈ దణ్ణం."

కలలోని ముసలమ్మ ఎవరో దాలమ్మకు అప్పుడు తెలిసింది. తన కల చెప్పింది. ఆ తర్వాత ఏటిలో ఎవరూ కర్ర ఎత్తలేదు. రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి అడ్డుకట్ట విప్పారు. నీళ్ళు ఉరికి ఇసుక కోసిన చోట ఒక శిల బయటపడింది. అందులో ఒక స్త్రీ, ఒక చెయ్యి వెనక్కి చాపి, రెండో చేత్తో కర్ర నేలకు దించి నిలబడి ఉంది. రెండు ఊళ్ళూ భుజం పట్టి తెచ్చి, ఆ శిలను గరిడీ ముందు నిలిపాయి.

నేటికీ ఇక్కడ కర్ర పట్టే ముందు వరస చెబుతారు. ఎర్రదాసు దాకా ఏటివలసవారు చెబుతారు, ముసలమ్మ మాట తోటవలసవారు చెప్పి ముగిస్తారు. తోటవలస మనిషి లేకపోతే సాము మొదలు కాదు, ఎవరో ఒకరు వెళ్ళి పిలుచుకు రావలసిందే. పట్నాల్లో కరాటే నేర్చుకునే పిల్లలు కూడా విజయదశమికి వస్తుంటారు. ఎవరికి నేర్పినవారి పేరు వారు చెప్పుకుంటే చాలు. మీ గురువుగారికి ఎవరు నేర్పారు అంటే చెప్పలేని పిల్లలు, తెలుసుకుని మళ్ళీ వస్తారు. అలా దణ్ణం పెట్టినవారికి చేతిలో తొందర తగ్గుతుందనీ, గుండెలో భయం పోతుందనీ నమ్మకం. ఇది రాసినామె కూతురు కూడా ఈ మట్టిలోనే కర్ర పట్టింది. ఇప్పుడు పని నుంచి వచ్చి, బస్సు దిగి, తలెత్తుకుని ఒంటరిగా ఇంటికి నడిచి వస్తున్నది. ఆ చల్లని కాపుదల అమ్మవారిదీ, పేరు తెలిసిన గురువులదీ, పేరు చెప్పకుండా పోయిన ఆ ముసలమ్మదీ. వచ్చిన ప్రతి బిడ్డకూ అది కలుగుగాక.

శిల నిలిపిన మర్నాడు ఉదయం దాలమ్మ గరిడీ ఊడ్చి, నీళ్ళు చల్లి, తండ్రి నిలబడే చోట నిలబడింది. తవిటినాయుడు మణికట్టుకు గుడ్డ కట్టుకుని వచ్చి, అందరికన్నా చిన్నపిల్లల వెనక నిలుచున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ముందుకి రారా తవిటీ" అన్నది.

"నాకు పేర్లు రావే అప్పా."

"నాన్న పేరు వచ్చు కదా. అక్కణ్ణుంచి ఎత్తుకో, మిగతావి నేనందిస్తాను."

తవిటినాయుడు ఎడమ చేత్తో కర్ర నేలకు దించాడు. దాలమ్మ తన కర్ర దాని పక్కనే ఆనించి, తమ్ముడు మొదలుపెట్టే దాకా ఆగింది.