ఎద్దు ఎన్నేళ్ళు బతుకుతుంది?

"మాస్టారూ, ఏది అడిగినా అర నిమిషంలో కంప్యూటరే చెప్పేస్తోంది. ఇక మనం నేర్చుకోవాల్సిన పనేముంది?" అని హేమలత అడిగింది. మా ఊరి గ్రంథాలయంలో పని నేర్చుకోవడానికి ఆమె వచ్చి అప్పటికి మూడు వారాలు. గ్రంథపాలకుడు కాశీపతిగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాంలే అమ్మా" అని, అట్ట ఊడిన పుస్తకానికి జిగురు రాసుకుంటూ కూర్చున్నారు. పక్కన పేపరు చదువుతున్న నేను మాత్రం, నోటిదాకా వచ్చిన ఉపన్యాసాన్ని ఎలాగో దిగమింగుకున్నాను.

అంతలో వెంగయ్య వచ్చాడు. ఊరి చివర రెండెకరాలు చేసుకునే పెద్దాయన, చదువు రాదు. చెప్పులు బయటే విడిచి హేమలత బల్ల ముందు నిలబడ్డాడు.

"ఎద్దు ఎన్నేళ్ళు బతుకుద్ది పాపా?"

ఆమె టకటకా కొట్టి చూసింది. "ఇరవై ఏళ్ళ దాకా, తాతా."

"అయితే మావాడు చెప్పిందే నిజం" అని ఆయన గుమ్మం వైపు నడిచాడు. హేమలత మాత్రం, చూశారా అన్నట్టు మాస్టారి వైపు తిరిగింది.

కాశీపతిగారు చేతులు తుడుచుకున్నారు. "ఇట్టా వచ్చి కూర్చో వెంగయ్యా. ఎద్దుకేమైంది?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆయన వచ్చి కూలబడ్డాడు. ఎద్దుకు ఇరవై నిండాయట. నాలుగు రోజులుగా గడ్డి నమిలి నమిలి, మింగలేక ఉండలుగా కింద వదిలేస్తోందట. దాని కాలం తీరింది, రేపు సంతకు తోలేస్తానని కొడుకు పట్టుబట్టాడట. "ముసలెద్దును సంతలో ఎవరు కొంటారో మీకు తెలుసుగా సారూ. నా చేతుల్లో పెరిగింది..." అన్నాడు. నాకు చాలా బాధేసింది. పేపరు మడిచి పక్కన పెట్టాను.

"ఇప్పుడు వెతుకమ్మా" అన్నారు మాస్టారు.

"ఏమని?"

"ఆయన చెప్పిందే రాయి."

రాసింది. వయసు మీదపడి పళ్ళు అరిగిన పశువు అలాగే ఉండలు వదులుతుందనీ, సన్నగా తరిగిన పచ్చగడ్డి, నానబెట్టిన తవుడు పెడితే తినగలదనీ, ముందు డాక్టరుకు నోరు చూపించాలనీ వచ్చింది. హేమలత అది రెండుసార్లు చదివి వినిపించింది. పశువుల డాక్టరుకు తనే ఫోన్ చేస్తే, సాయంత్రం వస్తానన్నాడాయన. "అయితే రేపు తోలనియ్యను" అంటూ వెంగయ్య వడివడిగా ఇంటిదారి పట్టాడు.

ఆయన వెళ్ళాక హేమలత మెల్లగా అంది: "నేను ముందు చెప్పింది కూడా తప్పు కాదుగా మాస్టారూ?"

"తప్పేం లేదమ్మా" అన్నారు కాశీపతిగారు. "ఆ నిజం పట్టుకునే ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు."