తాటిచెట్టు దిగని నాన్న

అనగనగా ఒక ఊళ్ళో, ఇళ్ళకంటే తాటిచెట్లే ఎక్కువున్న ఊళ్ళో, ఈదయ్య అని కల్లు గీసే మనిషి ఉండేవాడు. ఎంత పొడుగు చెట్టయినా ఉడుతలా ఎక్కేసేవాడు. అంతటివాడికీ ఒక్కటంటే భయం. ఏమిటో చెప్పుకో? పులి కాదు, పాము కాదు. పంతులమ్మ!

ఎందుకంటావా? ఆ ఊళ్ళో పంతుళ్ళు ఎవరింటికైనా వచ్చారంటే ఫిర్యాదుకే. ఈదయ్య చిన్నప్పుడు వాళ్ళ పంతులు మూడుసార్లు ఇంటికొచ్చి, "మీవాడికి చదువు అబ్బదు" అని చెప్పిపోయాడు. మూడోసారి వాళ్ళయ్య బడి మాన్పించి, చెట్టెక్కే మోకు చేతికిచ్చాడు.

ఇప్పుడు ఈదయ్య కూతురు స్వరూప ఐదో తరగతి. ఆ పిల్ల చదువంటే అతనికి ప్రాణం. పంతులమ్మ ఏదైనా ఫిర్యాదు చెబితే తనూ మాన్పించాల్సి వస్తుందేమోనని గుబులు. అందుకని ఆ వెర్రిబాగులవాడు ఒక ఉపాయం పన్నాడు. ఫిర్యాదు చెవిన పడకపోతే సరి!

ఒకరోజు హైమవతి పంతులమ్మ అంటించిన కవరు ఒకటి స్వరూపకిచ్చి ఇంటికి పంపింది. అందులో ఏముందో నీకు చెబుతాను, ఈదయ్యకు చెప్పకేం! స్వరూప చేత పట్నంలోని పెద్ద హాస్టలు బడికి పరీక్ష రాయించాలి, దానికి తండ్రి సంతకం కావాలి. ఈదయ్య ఆ కవరు విప్పనైనా విప్పకుండా చూరులో దోపేశాడు.

అప్పుడు పంతులమ్మే వాళ్ళింటికి బయలుదేరింది. ఆవిడ వీధి మలుపు తిరగడం చూశాడో లేదో, ఈదయ్య పెరటి దారిన ఉడాయించాడు.

ఆ తర్వాత సంతకం గడువుకు ఒక్కరోజే మిగిలింది. పంతులమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని తాటివనంలోకే వచ్చేసింది. చెట్టు మీదున్న ఈదయ్య కిందికి చూసేసరికి గుండె గుభేలుమంది. ఎక్కడికని పారిపోతాడు? గొంతెత్తి పాట అందుకున్నాడు. ఆవిడ ఒక మాట అంటే ఇతను రెండు చరణాలు పాడతాడు!

పంతులమ్మ మాత్రం తక్కువదా? చెట్టు మొదట్లో చతికిలబడింది. పాడీ పాడీ ఈదయ్య గొంతు ఆరిపోయింది. పాట ఆగిన మరుక్షణం ఆవిడ గట్టిగా అంది, "ఈదయ్యా, మీ స్వరూప బడిలో అందరికంటే బాగా చదువుతోంది. ఆ మాట చెప్పడానికే తిరుగుతున్నా!"

"మంచిమాట చెప్పనీకి పంతుళ్ళు ఇంత దూరమొస్తరా అమ్మా?"

"ఇన్నాళ్ళూ రాలేదు. అది మా తప్పే. రేపటిలోగా మీరు సంతకం పెట్టకపోతే పిల్లకు పరీక్ష పోతుంది."

ఈదయ్య సర్రున దిగాడు. తలగుడ్డతో కళ్ళు తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, పంతులమ్మ తెచ్చిన కాగితం మీద పేరు రాశాడు.

స్వరూపకు సీటు వచ్చిందా అంటావా? వచ్చింది తల్లీ, ఎందుకు రాదు! కానీ అసలు సంగతి సంతకం పెట్టిన ఆ సాయంత్రమే జరిగింది.

"గీ మాట చెట్లకు చెబితే ఏం లాభం అమ్మా? మా ఇంటికొచ్చి చెప్పున్రి. మా అయ్య ఇనాలె," అని ఈదయ్య పంతులమ్మను వెంటబెట్టుకుని పోయాడు. అరుగు మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, వచ్చింది పంతులమ్మేనని పోల్చుకుని, కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు పాపం.

"మల్ల ఏం జేసిండమ్మా మావోడు?" అని అడిగాడు.

పంతులమ్మకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మనవరాలి మాట చెప్పాలని వచ్చిన మనిషి, ముందు ఈదయ్య మాటే ఎత్తుకుంది.

"మీవాడు చాలా మంచి పని చేశాడు తాతా," అంది.

నలభై ఏళ్ళు వచ్చిన ఈదయ్య, ఆ మాట విని బడిపిల్లాడిలా సిగ్గుపడిపోయాడు.

పాట పోయింది తాటికి,
మాట వచ్చింది ఇంటికి,
కథ నడిచింది కంచికి,
కునుకు రానీ కంటికి!