రథం ఆగిన రచ్చ

తంగెళ్ళవంకలో నాలుగు వీధులు కలిసే చోట, కప్పులేని రాతి అరుగు మీద శ్రీ చెన్నరాయస్వామి ఉత్సవమూర్తి వెలసి ఉన్నాడు. ఎండకు ఎండుతాడు, వానకు తడుస్తాడు. ఉత్తరపు వీధి చివర స్వామివారి ఆలయం ఉన్నా, ఆ మూర్తి ఉండవలసిన పీఠం ఖాళీగానే ఉంది. ఈ కూడలిని ఊరివారు రచ్చ అంటారు. రథ్య అనే సంస్కృత పదం నుండి రచ్చ వచ్చిందని, రథ్య అంటే రథం నడిచే దారి అని పెద్దలు చెబుతారు. తంగెళ్ళవంక వారిని అడిగితే మాత్రం రచ్చ అంటే రథం ఆగిన చోటు అంటారు.

పూర్వం ఈ సీమను తిమ్మానాయడనే పాళెగాడు ఏలుతున్న కాలంలో, స్వామి రథానికి కొత్త ఇరుసు కావలసి వచ్చింది. వనంలోని మంచి మానులన్నీ నాయడు తన కోట వాకిళ్ళకు దాచుకుని, ఒక పాత దుంగను ఊరి వడ్రంగి వడ్ల విరూపయ్యకు పంపించాడు. విరూపయ్య దాని మీద ఉలి ఆనించి చూసి, నేరుగా కోటకు వెళ్ళాడు.

"నాయడా, దీనికి లోపల పుచ్చు పట్టింది. స్వామి బరువు మోయదు."

"తేరుకు ఇంక నాలుగు నాళ్ళే ఉంది. చెక్కమన్నది చెక్కు" అన్నాడు నాయడు.

ఆ వేళ కోట వాకిట కుండలు దించుతున్న కుమ్మరి ఓబులేసు ఈ మాటలు రెండూ విన్నాడు. ఆయన తప్ప విన్నవారు మరొకరు లేరు.

తేరునాడు రథం కూడలి దాటుతుండగా ఇరుసు ఫెళ్ళున విరిగింది. తాళ్ళు పట్టిన ఇద్దరు చక్రాల కింద నలిగిపోయారు. మరునాడు అక్కడే పంచాయతీ కూడింది. చెక్కినవాడిదే తప్పని నాయడు అన్నాడు. విరూపయ్య జరిగినది చెప్పాడు. సాక్షి ఎవరని పెద్దలు అడిగారు. విరూపయ్య భార్య నాంచారమ్మ జనంలోకి పరుగెత్తి ఓబులేసు ముందు కొంగు పట్టింది.

"ఓబులన్నా, ఆ పొద్దు నువ్వు ఆడనే ఉంటివి గదా! ఒక్క మాట చెప్పన్నా!"

ఓబులేసు మట్టి తెచ్చుకునేది నాయడి కుంటలో. ఇంట్లో ఆరుగురు తినేవాళ్ళు. ఆయన విరూపయ్య వైపు చూడకుండా, "నాకేం తెలీదమ్మా. కుండలు దించి ఎలబారితిని" అన్నాడు.

తప్పు విరూపయ్యదేనని పెద్దలు తీర్పు చెప్పారు. పనిముట్లు లాక్కుని, దంపతులను ఎర్రటి ఎండలో పొలిమేర దాటించారు. నీళ్ళిచ్చిన వారికి కూడా వెలి అని చాటింపు వేశారు. పది నాళ్ళకు గొర్రెలు తోలుకుపోయిన గొల్లవాడు ఎండిన వంకలో విరూపయ్య శవాన్ని చూశాడు. చేతులతో ఇసుక తోడిన గుంత పక్కనే ఉంది. అందులో చెమ్మ కూడా లేదు. నాంచారమ్మ ఏమయిందో నేటికీ ఎవరికీ తెలియదు.

ఆ ఏడాదంతా ఓబులేసు సారె మీద చెయ్యి పెట్టినా కుండ నిలిచేది కాదు.

మరుసటి తేరుకు పైఊరి వడ్లవారు గట్టి ఇరుసు వేశారు. రథం కూడలి దాకా వచ్చి ఆగిపోయింది. ఏనుగును కట్టినా కదలలేదు. మూడోనాటి మధ్యాహ్నం చక్రానికి ఆనుకుని కునుకు తీసిన ఓబులేసుకు స్వామి కనబడ్డాడు. పెదవులు పగిలి ఉన్నాయి. "నాకు చెందవలసిన మాట ఒకటి నీ దగ్గర ఉండిపోయింది" అన్నాడు.

ఓబులేసు లేచి, నాయడి ఎదుటే, విన్నదంతా ఎలుగెత్తి చెప్పాడు. తన అబద్ధాన్ని కూడా చెప్పాడు. జనం నిలబడి కడదాకా విన్నారు. నాయడు తల దించుకుని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. ఓబులేసు రెండు చేతులా తాడు పట్టి, "ఇంక కదులు స్వామీ, చెప్పేసినాను గదా" అని ఏడుస్తూ లాగాడు. ఊరంతా లాగింది. రథం కదలలేదు.

మూర్తిని ఎత్తి గుడికి చేర్చబోతే పదిమందికీ లేవలేదు. రథం అక్కడే శిథిలమై కూలింది, కదలని మూర్తి చుట్టూ రాతి అరుగు కట్టారు. ఓబులేసు చనిపోయేవరకూ ఆ చోటనే కూర్చుని, దారిన పోయే ప్రతివారికీ విరూపయ్య నిర్దోషి అని చెప్పేవాడు. విని ఏమి చేయాలో వారికి తెలిసేది కాదు.

నేటికీ చైత్ర బహుళ పంచమినాడు ఇక్కడ అరుగుకు కట్టిన కొత్త తాళ్ళను మూడుమార్లు లాగి వదిలివేస్తారు. ఆపై, వేళకు చెప్పని సాక్ష్యం ఉన్నవారు ముందుకు వచ్చి చెప్పవచ్చును. తక్కినవారు నిలబడి కడదాకా వినవలెను. చెప్పినవారికి నిద్ర పడుతుందని ప్రతీతి. పోయినవారు తిరిగివస్తారని మాత్రం ఈ స్థలంలో ఎవరూ మొక్కుకోరు. తాడు పట్టేందుకు వేలమంది వస్తారు, నోరు విప్పేవారు ఏ ఏడూ ఇద్దరు ముగ్గురికి మించరు. అయినా అర్చకులు పొద్దుగూకే వరకు అరుగు దగ్గర వేచి ఉంటారు.